లెంకో పైరేకుకు రంధ్రం కొట్టకండి

ప్రశ్న: మాది ఒంగోలు. మా మామయ్యగారు ఓడల్లో ఇంజనీరుగా చేసే రోజుల్లో, 1970లలో, లెంకో ఎల్75 రికార్డు ప్లేయర్ తెచ్చుకున్నారు. ఘంటసాల గారి ఎల్పీలు, వాళ్ల నాన్నగారి కాలం నాటి పద్యనాటకాల 78 ప్లేట్లు ఇంట్లో చాలా ఉన్నాయి. ఏళ్ల తరబడి మూలపడి ఉన్న ప్లేయర్‌ని ఈ మధ్యే బయటికి తీశాం. రికార్డు పెట్టే పళ్లెం, అదే ప్లాటర్, బాగానే తిరుగుతోంది. కానీ ముల్లుని మోసే టోన్ ఆర్మ్ ఊగుతోంది, పాట మధ్యలో ముల్లు లోపలికి జారిపోతోంది. నెల్లూరులో ఒకరికి చూపిస్తే, ఈ ఆర్మ్ పని అయిపోయింది, పైన ఉన్న స్టీలు రేకుకు రంధ్రం కొట్టి వేరే ఆర్మ్ బిగిస్తానన్నారు. మా మరిది చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో రెగా ఆర్‌బీ250 ఆర్మ్ కొని పంపాడు. రంధ్రం మాట విన్నప్పటి నుంచి మామయ్యగారికి మనసు మనసులో లేదు. ఆర్మ్ మార్చాలా, వద్దా? మారిస్తే ఎలా బిగించాలి? ముల్లు ఉండే కార్ట్రిడ్జ్ ఏది కొనాలి?

జవాబు: అమ్మా, ముందు మీ మామయ్యగారికి చెప్పండి, ఆ రేకు జోలికి ఎవరూ వెళ్లక్కర్లేదని. పాత ఆర్మ్ బాగుపడే అవకాశమే ఎక్కువ. ఒకవేళ రెగా పెట్టాలనే మీరు అనుకున్నా, రేపు ఎప్పుడైనా లెంకోని మళ్లీ ఆయన తెచ్చుకున్న రూపానికి మార్చుకునేలా బిగించుకోవచ్చు.

మీరు రాసిన లక్షణాలను బట్టే జబ్బు ఏమిటో తెలుస్తోంది. ఎల్75 ఆర్మ్ పైకీ కిందికీ కదలడానికి అందులో బాల్ బేరింగులు ఉండవు. ఆర్మ్‌కి అటొకటి, ఇటొకటి కత్తి వాదర లాంటి సన్నని అంచులుంటాయి. అవి వి-ఆకారపు గాడి ఉన్న రెండు చిన్న రబ్బరు దిమ్మెల మీద ఆనుకుని ఉంటాయి. వాటిని వి-బ్లాకులు అంటారు. స్విట్జర్లాండ్‌లోని బుర్గ్‌డార్ఫ్‌లో ఈ ప్లేయర్లు తయారైన రోజుల్లో ఆ ఏర్పాటు చక్కగానే పనిచేసింది. యాభై ఏళ్లు గడిచేసరికి ఆ రబ్బరు మెత్తబడి జిగురుగానైనా మారుతుంది, లేదంటే ఎండి పొడిగానైనా రాలిపోతుంది. అప్పుడు ఆర్మ్‌కి ఆనిక ఉండదు. పక్కకి ఒరుగుతుంది, ముల్లు గాడిలో నిటారుగా నిలబడదు, బరువు ఎంత సరిచేసినా నిలకడ రాదు. మరమ్మతుకు వచ్చే ఎల్75లలో దాదాపు అన్నింటిలోనూ ఇదే కథ. దాన్ని ఆర్మ్ చచ్చిపోయినట్టు లెక్కవేయడం అన్యాయం.

మీరే ఇంట్లో చూసుకోవచ్చు. కరెంటు ప్లగ్ తీసేయండి. ముల్లుకు తొడుగు పెట్టండి. ఆర్మ్‌ని దాని స్టాండ్ మీద నుంచి కొద్దిగా లేపి, ఇరుసు దగ్గర బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా పట్టుకుని ముందుకీ వెనక్కీ తోసి చూడండి. తర్వాత మెలి తిప్పుతున్నట్టు కొంచెం తిప్పండి. బాగున్న ఆర్మ్ పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ మాత్రమే కదలాలి. ఇరుసు దగ్గర లటలటలాడినా, టిక్కుమని చిన్న చప్పుడు వచ్చినా వి-బ్లాకులు పోయినట్టే. అగ్గిపుల్ల చివరతో ఇరుసు కింద గీకి చూస్తే నల్లటి పొడో, జిగురో అంటుకుంటుంది.

కొత్త వి-బ్లాకులు డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తోనూ, ఇత్తడితోనూ చేసినవి ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి దొరుకుతాయి. వచ్చేదాకా ఆగలేకపోతే, పాతవాటిలో ఒకటైనా ఆకారం చెడకుండా మిగిలి ఉంటే, దాన్ని నమూనాగా చూపించి మంచి లేత్ షాపులో చేయించవచ్చు. గాడి కోణం, లోతు రెండు దిమ్మెలకీ ఒకేలా రావాలి. లేకపోతే ఆర్మ్ పక్కకి ఒరిగే కూర్చుంటుంది. ఆర్మ్‌ని ఇరుసు మీద నుంచి పైకి తీసేటప్పుడు లోపల నుంచి వెంట్రుకల్లాంటి నాలుగు తీగలు వస్తుంటాయి. అవి ఎంత పొడవుంటే అంత మేరకే లేపండి, లాగవద్దు. విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఆ స్క్రూలు, ఆ తీగల వంపులు మళ్లీ కూర్చేటప్పుడు గుర్తుండవు.

ముల్లు లోపలికి జారడానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. తిరిగే రికార్డు మీద ముల్లుకు మధ్య కడ్డీ వైపు లాగుడు ఉంటుంది. దాన్ని ఆపడానికి ఎల్75లో సన్నని దారానికి వేలాడే చిన్న బరువు పెట్టారు. ఇన్నేళ్లలో ఆ దారం తెగి, బరువు ఎక్కడో పడిపోయి ఉంటుంది. మీ ప్లేయర్‌లో ఉందో లేదో చూడండి. ఇక ప్లేయర్ సమతలంగా ఉందా అని ప్లాటర్ మీద రసమట్టం పెట్టి చూడటం ఎలాగూ చేయాలి.

ఇవి సరిచేశాక ఒక నెల పాటు వినండి. హాయిగా వినిపిస్తే రెగాని అలమరలో పెట్టేయండి, మీ మరిదికి చెడ్డ బేరమేమీ కాదు. మీ ఇంట్లో 78 ప్లేట్లు ఉన్నాయన్నారు కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. లెంకో ఆర్మ్‌కి ముందు తల, అంటే హెడ్‌షెల్, ఊడి వస్తుంది. ఎల్పీల ముల్లు ఒక తలలో, 78ల ముల్లు ఇంకో తలలో బిగించి పెట్టుకుని, కావాల్సినప్పుడు మార్చుకోవచ్చు. రెగా ఆర్‌బీ250లో తల, గొట్టం కలిసి ఒకే పోత. తల ఊడదు. ఎల్పీలు మాత్రమే వినే ఇల్లైతే నేను రెగాకే ఓటు వేసేవాణ్ని. దాని బేరింగులు నిజంగా మంచివి, తేలికైన ఈ కాలపు కార్ట్రిడ్జులకి అది లెంకో ఆర్మ్ కన్నా బాగా నప్పుతుంది, స్వరం స్పష్టంగా విడివిడిగా వినిపిస్తుంది. రెండూ వినే ఇంట్లో మాత్రం పాత ఆర్మ్‌కి దాని విలువ దానికి ఉంది.

సరే, రెగా పెట్టాలనే నిశ్చయించుకున్నారనుకుందాం. ఈ పని మొత్తంలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఒకటే. రికార్డు మధ్యలో నిలబడే కడ్డీకి, ఆర్మ్ ఇరుసుకి మధ్య దూరం సరిగ్గా ఉండాలి, ఉన్న దూరం ఎప్పటికీ కదలకూడదు. కొలత, బోర్డు, చెక్క, రాయి, స్ప్రింగులు, అన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఆర్‌బీ250కి ఆ దూరం 222 మి.మీ. ఇరుసు నుంచి ముల్లు మొన దాకా 237 మి.మీ. తేడా 15 మి.మీ. అంటే ముల్లు మధ్య కడ్డీని దాటి 15 మి.మీ. ముందుకు వెళ్లగలగాలి. దీన్ని ఓవర్‌హ్యాంగ్ అంటారు. ప్రతి ఆర్మ్‌కీ ఈ దూరం వేరు. ఎస్‌ఎంఈ వాళ్ల సిరీస్ ఫైవ్ ఆర్మ్‌కి 215 మి.మీ. పైచిలుకు, జపాన్ వాళ్ల జెల్కో ఎస్‌ఏ-750డికి 214. కాబట్టి ఒక ఆర్మ్ కోసం కొట్టిన రంధ్రం ఇంకో ఆర్మ్‌కి పనికిరాదు. స్టీలు రేకుకు రంధ్రం వద్దనడానికి ఒక కారణం ఇదే. రేపు ఈ ఆర్మ్ నచ్చక ఇంకోటి పెట్టాలంటే పక్కనే ఇంకో రంధ్రం, ఆ పైన ఇంకోటి. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ రేకు జల్లెడవుతుంది. మొదటి రూపం పోయిన లెంకోకి అమ్మకంలో కూడా ధర పడిపోతుంది.

పాత ఆర్మ్ మొత్తాన్ని అడుగు నుంచి స్క్రూలు విప్పి తీస్తే, రేకులో దాని చోటు ఖాళీగా మిగులుతుంది. కొత్త ఆర్మ్‌ని మోసే బోర్డు అక్కడికి వస్తుంది. ఇక్కడే చాలామంది ఒక విషయం మరిచిపోతారు. లెంకో రేకు, మోటారు, ప్లాటర్ అన్నీ కలిపి చెక్క పెట్టె మీద స్ప్రింగుల మీద కూర్చుని ఉంటాయి. బోర్డుని చెక్క పెట్టెకి బిగించి, రేకుని స్ప్రింగుల మీదే ఉంచారనుకోండి, పక్కనెవరైనా నడిచినప్పుడల్లా ప్లాటర్ ఒక పక్కకి, ఆర్మ్ ఇంకో పక్కకి ఊగుతాయి. 222 మి.మీ. అని ఎంత జాగ్రత్తగా కొలిచినా అర్థం ఉండదు. అందుకని రెండు దారులే ఉన్నాయి. ఒకటి, బోర్డుని రేకుకే, పాత ఆర్మ్ స్క్రూలు పట్టిన రంధ్రాల్లోనే బిగించడం. అప్పుడు స్ప్రింగులు ఉన్నా రెండూ కలిసే కదులుతాయి. రెండోది, స్ప్రింగులు తీసేసి, బరువైన కొత్త పెట్టె చేయించి, రేకునీ బోర్డునీ రెంటినీ దానికే గట్టిగా బిగించడం. పాత పెట్టె, స్ప్రింగులు, స్క్రూలు ఒక సంచిలో వేసి పేరు రాసి దాచండి.

ఆర్మ్‌ని విడిగా ఒక బరువైన స్తంభం మీద నిలబెట్టి ప్లేయర్ పక్కన పెట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. చూడటానికి బాగుంటుంది. నేను మాత్రం వద్దంటాను. ఇల్లు తుడిచేటప్పుడు ఎవరి చెయ్యి తగిలినా దూరం మారిపోతుంది.

పెట్టె దేంతో చేయించాలి? ఒంగోలులో గట్టి టేకు పలక దొరికితే వడ్రంగికి ముచ్చటేస్తుంది కానీ, ఒకే పలక తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కోస్తాలో వానలు పడి, మళ్లీ మేలో నిప్పులు చెరిగే ఎండ వచ్చేలోపు ఆ కదలిక ఎంతో కొంత ఉంటుంది. దానికన్నా 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ పొరలు మూడో నాలుగో ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి, బరువులు పెట్టి ఆరబెట్టి, లోపల మోటారుకీ చక్రానికీ చోటు కోసి తీసిన పెట్టె నిలకడగా ఉంటుంది. పైన టేకు పొర అతికిస్తే అందానికీ లోటు ఉండదు. పొరలు అతికించేటప్పుడు మధ్యలో గాలి బుడగలు లేకుండా చూడాలి. ఆ పని తొందరపడే వడ్రంగికి ఇవ్వకండి.

ఆర్మ్ బోర్డు వరకు మీకు ఇంకో అవకాశం ఉంది, అది మన ప్రాంతం వాళ్లకే ఉన్న అదృష్టం. పాత ప్లేయర్లను ప్రేమించేవాళ్లు ఇంగ్లండులో పలకరాయితో పెట్టెలూ, బోర్డులూ చేయించుకుంటారు. ఆ రాయి మనకి మార్కాపురంలో ఉంది. మనం బళ్లో అక్షరాలు దిద్దిన పలకలు అక్కడివే. 12 మి.మీ. మందం ముక్క తెచ్చుకుంటే చాలు. చీమకుర్తి గ్రానైట్ మీకు ఇంకా దగ్గర. నల్లటి రాయిలో నక్షత్రాల్లాంటి మెరుపులుండే ఆ గెలాక్సీ రాయి చాలా గట్టిది, కానీ సన్నగా కోసిన పలక చేత్తో తట్టితే మోగుతుంది. అందుకే బోర్డుకి నేను పలకరాయినే ఎంచుకుంటాను. వాష్ బేసిన్ల రాయికి కుళాయి రంధ్రాలు వేసే పనివాళ్ల దగ్గర కోర్ బిట్టు ఉంటుంది. వాళ్లే ఈ రంధ్రమూ వేయగలరు. పలకరాయి పొరలు పొరలుగా విడుతుంది కాబట్టి డ్రిల్లు మెషీన్లో హ్యామర్ మోడ్ ఆపేయమనండి. నీళ్లు పోస్తూ, అడుగున చెక్క పెట్టి, నిదానంగా దించాలి. స్క్రూ రంధ్రాలు అంచు నుంచి 15 మి.మీ. అయినా లోపలికి ఉండాలి.

రంధ్రం ఎంత వెడల్పు ఉండాలో కాగితం మీద చదివి వేయించకండి. ఆర్‌బీ250 అడుగున మర కట్టిన గొట్టం ఉంటుంది, దానికి కింద నుంచి ఒకే పెద్ద నట్టు బిగిస్తారు. ఆ గొట్టాన్ని వెర్నియర్‌తో కొలిచి, దాని కన్నా ఒక మి.మీ. మాత్రమే ఎక్కువ వేయించండి. ఎక్కువ వదులుగా ఉంటే బిగించేటప్పుడు ఆర్మ్ పక్కకి జారి, కొలత అంతా వృథా అవుతుంది.

222 మి.మీ. చోటు గుర్తించడానికి ఒక పద్ధతి చెబుతాను. సన్నని అల్యూమినియం పట్టీ ఒకటి తీసుకుని, ఒక చివర ప్లేయర్ మధ్య కడ్డీ వదులు లేకుండా దూరేంత రంధ్రం వేయించండి. లేత్ షాపులోనే, ఆ రంధ్రం మధ్య నుంచి సరిగ్గా 222 మి.మీ. దగ్గర గుండుసూది పట్టేంత ఇంకో రంధ్రం. పట్టీని కడ్డీకి తొడిగి, సూదితో బోర్డు మీద విల్లులా ఒక గీత గీయండి. ఆ గీత మీద ఎక్కడ రంధ్రం వేసినా దూరం సరిపోతుంది. గీత మొత్తం పాత ఆర్మ్ ఖాళీలో పడుతుందా, ఎంత మేర పడుతుందో చూసుకుని, అందులో ఆర్మ్ గొట్టం ప్లాటర్ అంచుకి తగలని, వెనక బరువు గోడకో మూతకో తగలని చోటు ఎంచుకోండి. ముందు అట్టముక్క మీద చేసి చూసి, ఆ తర్వాతే రాయి ముట్టుకోవాలి. బిగించాక సరిచూడటానికి కడ్డీకి ఆర్మ్ వైపున్న అంచు నుంచి ఇరుసు మధ్యకి కొలవండి. కడ్డీ మందం సుమారు 7 మి.మీ. కాబట్టి కొలతకి 3.5 కలపాలి. అర మి.మీ. తేడా వస్తే కంగారు పడకండి, కార్ట్రిడ్జ్ బిగించే గాడిలో ముందుకీ వెనక్కీ జరిపి సర్దుకోవచ్చు. నాలుగు మి.మీ. తేడా అయితే ఆ గాడి చాలదు.

ఎత్తు కూడా అంతే ముఖ్యం. ముల్లు రికార్డు మీద దించినప్పుడు ఆర్మ్ గొట్టం రికార్డుకి సమాంతరంగా ఉండాలి. ఆర్‌బీ250కి ఎత్తు సర్దే ఏర్పాటు లేదు. పొట్టిగా ఉంటే ఆర్మ్ అడుగున రింగులు వేసి లేపవచ్చు, పొడుగైతే బోర్డునే కిందికి దించాలి. అందుకే బోర్డు ఎత్తు నిర్ణయించే ముందు మ్యాట్, ఒక రికార్డు, మీరు కొనబోయే కార్ట్రిడ్జ్ మూడూ చేతిలో ఉండాలి.

ఇక కార్ట్రిడ్జ్. మీ ఇంటికి నేను చెప్పేది ఆడియో టెక్నికా వీఎం95 రకం. కారణం 78లే. ఆర్‌బీ250కి తల మార్చే వీలు లేదన్నాను కదా. వీఎం95 కుటుంబంలో బాడీ అలాగే ఉంచి ముల్లు మాత్రం లాగి ఇంకోటి గుచ్చవచ్చు. ఎల్పీలకి వీఎం95ఈ ముల్లు, 78లకి వీఎం95ఎస్‌పీ ముల్లు. మామూలు ఎల్పీ ముల్లు మొన 0.7 మిల్, అంటే సుమారు 18 మైక్రాన్లు. 78 గాడికి 3 మిల్, సుమారు 76 మైక్రాన్లు కావాలి. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున దుమ్ములో ఈడ్చుకుంటూ పోతుంది. పద్యం వెనక ఇసుక పోస్తున్నట్టు చప్పుడు వస్తుంది, ముల్లూ పాడవుతుంది. బరువులు కూడా వేరు. వీఎం95ఈకి 2 గ్రాములు, ఎస్‌పీకి 5 గ్రాములు. ఆర్‌బీ250లో బరువు గుర్తులున్న డయల్ లేదు, వెనక బరువుని జరిపి సర్దడమే. కాబట్టి చిన్న డిజిటల్ స్టైలస్ స్కేలు తప్పనిసరి. రెండు స్థానాలకీ వెనక బరువు మీద సన్నని పెన్నుతో గుర్తులు పెట్టుకుంటే మార్చడం సులువవుతుంది.

ఆర్మ్‌కి కార్ట్రిడ్జ్ నప్పుతుందా అని తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (కదిలేటప్పుడు ముల్లు దగ్గర తెలిసే ఆర్మ్ బరువు), కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు కలపాలి. దాన్ని కార్ట్రిడ్జ్ కంప్లయన్స్ అంకెతో, అంటే ముల్లు ఎంత సులువుగా కదులుతుందో చెప్పే అంకెతో, గుణించి, వర్గమూలం తీసి, 159ని దాంతో భాగించాలి. జవాబు, అంటే ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి సహజంగా ఊగే వేగం, 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య రావాలి. మరీ తక్కువైతే వంకరపోయిన రికార్డుల మీద ముల్లు ఊగుతుంది, ఎక్కువైతే పాటలోని అడుగు స్వరాల దగ్గరకి చేరుతుంది. ఆర్‌బీ250 మాస్ సుమారు 11 గ్రాములు, వీఎం95ఈ బరువు 6.1, స్క్రూలకి ఒక గ్రాము. మొత్తం 18 గ్రాములు. వీఎం95ఈ కంప్లయన్స్ 100 హెర్ట్జ్ దగ్గర 7 అని ఇస్తారు. జపాన్ కంపెనీలు అలాగే ఇస్తాయి. ఈ లెక్కకి కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరి అంకె, అది దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. 12 అనుకుందాం. 18 ఇంటూ 12 అంటే 216, వర్గమూలం 14.7, జవాబు 10.8 హెర్ట్జ్. చక్కగా నప్పుతుంది.

కార్ట్రిడ్జ్ తీగల రంగులు తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. క్లిప్పులు వేలితో తొయ్యకుండా సన్న పట్టకారుతో పెట్టండి. కార్ట్రిడ్జ్ పిన్నుల మీద ఎవరైనా నేరుగా సోల్డర్ పెడతానంటే ఒప్పుకోకండి, వేడికి లోపలి తీగచుట్టలు పోతాయి. ఇంకో విషయం. మొదటి వైరింగ్‌తో ఉన్న ఆర్‌బీ250లో విడిగా ఎర్త్ తీగ ఉండదు, ఎడమ ఛానెల్ వైరు కవచంతోనే కలిపేశారు. కాబట్టి లెంకో రేకుకు, మోటారుకు విడిగా ఒక తీగ కట్టి ఆంప్లిఫయర్ ఎర్త్ స్క్రూకి బిగించాలి. అది లేకపోతే బుయ్యిమంటూ హమ్ వినిపిస్తుంది. ఆంప్లిఫయర్‌లో రికార్డు ప్లేయర్ కోసం ఉండే ఫోనో ఇన్‌పుట్ లేకపోతే మధ్యలో ఒక ఫోనో ప్రీ-ఆంప్ పెట్టాలి. నేరుగా కలిపితే పాట చాలా చిన్నగా, బేస్ లేకుండా వస్తుంది.

చివరగా ప్రొట్రాక్టర్, అంటే కార్ట్రిడ్జ్ సరైన కోణంలో ఉందో లేదో చూసే అట్ట. దాని మీద రెండు చోట్ల, మధ్యలో చుక్క ఉన్న గళ్ల గుర్తులుంటాయి. ముల్లు మొన ఆ చుక్క మీద పెట్టినప్పుడు కార్ట్రిడ్జ్ పక్కలు గళ్ల గీతలకి సమాంతరంగా ఉండాలి. రెండు చోట్లా సరిపోవాలి. బేర్వాల్డ్ అనే లెక్క పద్ధతిలో ఆ రెండు చోట్లు కడ్డీ మధ్య నుంచి 66 మి.మీ., 120.9 మి.మీ. దూరంలో ఉంటాయి. 222 దూరానికి ఆ పద్ధతిలో ఓవర్‌హ్యాంగ్ 17.3 మి.మీ. వస్తుంది, రెగా చెప్పే 15 కన్నా ఎక్కువ. రెండూ తప్పు కాదు. రెగా వాళ్ల లెక్క లేబులు దగ్గరి పాటలకి అనుకూలం, బేర్వాల్డ్ లెక్క రికార్డు అంతటా సర్దుబాటు చేస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని దానికే పూర్తిగా కట్టుబడండి. సగం అది, సగం ఇది చేస్తే రెండు చోట్లా తప్పుతుంది. ఈ పని సాయంత్రం కరెంటు దీపం కింద కాకుండా, పొద్దున కిటికీ వెలుతురులో చేయండి. నీడలు మోసం చేస్తాయి.

ఆర్మ్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ప్లాటర్ కూడా తీసి చూడండి. దాదాపు నాలుగు కిలోలు ఉంటుంది, రెండు చేతులతో నిటారుగా పైకి లేపాలి. కింద నిలువుగా నిలబడే రబ్బరు చక్రం ఉంటుంది. మోటారు శంకు ఆకారపు కడ్డీ మీద ఆ చక్రం ఎక్కడ ఆనితే ఆ స్పీడ్ వస్తుంది. చక్రం అంచు గోరుతో నొక్కితే కొద్దిగా మెత్తగా తగలాలి. రాయిలా గట్టిపడితే గరగరమని రంబుల్ వస్తుంది, ఏ ఆర్మ్ పెట్టినా అది పోదు. స్పిరిట్‌తో తుడిస్తే కొంత మెరుగవుతుంది. మధ్య బేరింగుకి రెండు మూడు చుక్కల పల్చని మెషీన్ నూనె చాలు. కొబ్బరినూనె వద్దు, గట్టిపడిపోతుంది. ప్లేయర్ ఆపేటప్పుడు ఎప్పుడూ మీటతోనే ఆపమనండి. గోడ స్విచ్చి కట్టేస్తే చక్రం ప్లాటర్‌కి నొక్కుకుని ఉండిపోయి, ఒక చోట పల్లం పడుతుంది.

ఆ స్పిరిట్ సీసా మాత్రం 78 ప్లేట్ల దగ్గరికి రానివ్వకండి. వాటి లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. మెత్తని బట్టని మంచినీళ్లలో తడిపి, గట్టిగా పిండి, గాడి వెంబడి తుడిచి, లేబులు తడవకుండా చూసి, నిలబెట్టి ఆరబెట్టండి. ముందు వి-బ్లాకులు తెప్పించండి. వాటిని వేశాక ఆర్మ్ ఇంకా ఊగుతుంటే, ఇరుసు దగ్గర పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి, ప్లాటర్ తీసి పై నుంచి తీసిన ఫోటో ఒకటి పంపండి. పాత ఆర్మ్ ఖాళీలో 222 గీత ఎక్కడ పడుతుందో గీసిన అట్టముక్క ఫోటో కూడా కలిపితే, బోర్డు కొలతలు రాసి పంపుతాను.